కొస చిరిగిన చీర

దిండిగల్
ఏప్రిల్ 28

అత్తకు చారు రాసేది.

క్షేమంగా ఇల్లు చేరాను. పళని దాకా నిద్రపోయాను, ఆ తరువాత కిటికీ సీటు దొరికింది. ఇదంతా మా నైనా, అదే మీ అన్న, నీకు ఫోన్‌లో చెప్పేసే ఉంటాడు. అయినా ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని నువ్వే కదా నేర్పించావు.

ఫోన్‌లో ఎందుకు రాయడం లేదంటే, మా ఫోన్ అమ్మ చేతిలోనో మన తాళాల కొట్లోనో ఉంటుంది. నువ్వేం పంపినా అందరూ చదువుతారు. ఈ ఇంట్లో అందరూ తెలుగులోనే పోట్లాడుకుంటారు, రాయమంటే మాత్రం తమిళమే. తెలుగు అక్షరాలు నాకొక్కదానికే వచ్చు. ఇన్ని తాళాల మధ్య నాదంటూ ఉన్న తాళం ఇదొక్కటే. తప్పులుంటే నవ్వుకో, దిద్ది తిప్పి పంపకు.

అత్తా, పది రోజులు సింగానల్లూరులో నీ పక్కన కూర్చుని చూసింది నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. మామ అవినాశి బనియన్ కంపెనీ నుంచి తెచ్చిన కటింగ్ ముక్కలు నేలంతా పరిచి ఉన్నాయి. నరేన్ వచ్చి సగం కుట్టిన బొంత మీదే పడి నిద్రపోయాడు. నువ్వు వాణ్ణి లేపలేదు, పక్కకు జరపలేదు. వాడి చుట్టూ కుట్టుకుంటూ పోయావు. వాడు ఇటు దొర్లితే అటు ఖాళీ అయిన చోట కుట్టావు. గోపిక నలభై ప్రశ్నలు అడిగింది. అన్నిటికీ పళ్ల మధ్య దారం పట్టుకునే జవాబు చెప్పావు. లేచిన ప్రతిసారీ మూడు సూదులూ లెక్కపెట్టి సబ్బుబిళ్లలో గుచ్చావు. మూడింటికీ ఎర్రదారం తోక. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. ఇంత పని ఇంత నిదానంగా చేసే మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

అమ్మ మళ్లీ కొట్టుకు పోతోంది. స్కూల్ తెరిచేదాకా తమ్ముడు విమల్ నా చేతిలోనే. వాడికి ఎనిమిది నెలలు. నేనే ఒక బొంత కుట్టి వాడికి పరచాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలో రాయి. అవ్వకు కూడా చెప్పొద్దు. కుట్టలేకపోతే నవ్వుతుంది.

నీ చారు

*

సింగానల్లూరు
మే 5

చారూ, నా తంగం,

ఈ కాలంలో ఉత్తరమా అని పోస్ట్‌మాన్ కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు. మా మేనకోడలు ఇంగ్లీషు మీడియం, అందుకే తెలుగులో రాస్తుంది అన్నాను. పాపం, తల ఊపి వెళ్లిపోయాడు.

బొంత సంగతి. మూడు పొరలు. అడుగున ఒక పాత చీర నిండుగా పరుచు. మధ్యలో ఏ గుడ్డయినా సరే, ముడతలు మాత్రం ఉండకూడదు. పైన నీ ఇష్టం, చదరాలు కోసి అతుకు. మూడూ కదలకుండా ముందు పెద్ద పెద్ద కుట్లు వేసెయ్. ఆ తరువాత నడిమి నుంచి అంచుకు సన్నకుట్టు. అంచు నుంచి నడిమికి వచ్చావంటే బొంత మధ్యలో పొట్టలాగా ఉబ్బుతుంది. నా మొదటి బొంత అలాగే ఉబ్బింది. మీ మామ దాన్ని చూసి, దీనికి ఎన్నో నెల అని అడిగాడు.

(ఇక్కడ ఆపి గోపికకు దోసె పోసి వచ్చాను. అది సగం తిని, మిగతా సగం నరేన్ తలమీద పెట్టింది.)

పసిపిల్లల బొంతకు కొత్తగుడ్డ వద్దు, ఒళ్లు గీరుకుంటుంది. వందసార్లు ఉతికిన నూలుచీర కావాలి. మన ఇంట్లో వెనక గదిలో తాళం లేని పెట్టె ఒకటి ఉంటుంది, అవ్వ పాతచీరలన్నీ అందులోనే వేస్తుంది. కొస చిరిగినవి చూసి తీసుకో. అవి ఇంక ఎవరూ కట్టరు, అడగాల్సిన పని కూడా లేదు.

సూదుల లెక్క మాత్రం మరవకు. విమల్ పాకే పిల్లోడు.

అత్త

*

దిండిగల్
మే 19

అత్తా,

మొదలుపెట్టాను. నువ్వు చెప్పినట్టే వెనక గదిలో తాళం లేని పెట్టెలో చీర దొరికింది. ముదురు అరక్కు రంగు, అదే లక్క ఎరుపు, మదురై సుంగుడి. తెల్లచుక్కలు ఎంత సన్నగా ఉన్నాయో. కొస జానెడు చిరిగి ఉంది. ముఖానికి పెట్టుకుంటే కర్పూరం వాసన. నూట నలభై రెండు చదరాలు కోశాను. చుక్కలు వరసలో వచ్చేలా అమర్చడానికే రెండు రోజులు పట్టింది.

విమల్ నా ఒడిలో కూర్చుని ముక్కలు నోట్లో పెట్టుకుంటాడు. ఒకటి తీసుకుంటే ఇంకొకటి. నీలాగా కోపం రాకుండా ఉండాలని చూస్తున్నాను. రాకుండా ఉండదు. అప్పుడు నిన్ను తలుచుకుంటాను, కొంచెం తగ్గుతుంది.

ఇంట్లో పూజగదికి టైల్స్ వేయడం పూర్తయింది. పని జరిగినన్ని రోజులు వెనక గదిలో పెట్టిన సామానంతా మొన్ననే తిరిగి లోపలికి మార్చారు.

ఊరికే ఒకటి అడుగుతాను. చిన్నమ్మాళ్ పెట్టె ఉంది కదా, దాన్ని ఎవరైనా తెలియక ముట్టుకుంటే ఏమవుతుంది? నేను దాన్ని పసుపు గుడ్డ చుట్టి ఉండగానే చూశాను. లోపల ఏముంటుందో నాకు తెలియదు. ఊరికే అడుగుతున్నాను.

చారు

*

సింగానల్లూరు
మే 27

చారూ,

రెండుసార్లు ‘ఊరికే’ అని రాశావు. రెండోసారి పెన్ను ఎంత గట్టిగా నొక్కావంటే వెనక పేజీలో కూడా దిగింది.

అడిగావు కాబట్టి చెబుతాను. చిన్నమ్మాళ్ మన ఇంటిదేవత. ఎప్పుడో మన వంశంలో బతికిన మనిషే. ఆమె పెట్టెలో ఒక చీర ఉంటుంది. తమిళ ఆడి నెల మూడో శుక్రవారం అవ్వ తలస్నానం చేసి పెట్టె తెరుస్తుంది. పోయిన ఏటి చీర తీసి తను కట్టుకుంటుంది, కొత్తది పెడుతుంది. పెట్టేముందు దాని కొస జానెడు చించుతుంది. ఎందుకని చిన్నప్పుడు అడిగితే నోటిమీద వేలు పెట్టింది. ఆ తరువాత నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మిగతా రోజుల్లో ఆ పెట్టె ఎవరూ తెరవరు. నా రోజుల్లో అది పూజగది దాటి బయటికి వచ్చింది లేదు.

ఇది రాస్తుంటే నీ ఉత్తరంలో ఉన్న చిరిగిన కొస గుర్తొచ్చింది. నేను ఏమీ అడగను. నువ్వే చెబుతావు. ముందు నాది ఒకటి చెబుతాను.

మార్చిలో ఒక సూది కనబడలేదు. అప్పుడు నేను లెక్కపెట్టేదాన్ని కాదు. నరేన్ బొంత మీద కూర్చుని ఏదో నములుతున్నాడు, నోట్లో వేలు పెడితే ఏమీ దొరకలేదు. వాణ్ణి ఎత్తుకుని, గోపికను లాక్కుని ఆటోలో పోయి ఎక్స్‌రే తీయించాను. ఆ ఫిల్ము వచ్చేదాకా నాకు ఏ సామి పేరూ గుర్తురాలేదు. వాడి కడుపులో ఏమీ లేదు. ఇంటికొచ్చి కూర్చుంటే తొడకు గుచ్చుకుంది. సూది నా పావడా అంచులోనే ఉంది. మీ మామకు ఇప్పటిదాకా చెప్పలేదు. నువ్వు మెచ్చుకున్న ఆ ఎర్రదారం, ఆ లెక్క అన్నీ ఆ రోజు నుంచే. నేను నిదానం మనిషిని కాను చారూ, బాగా భయపడినదాన్ని.

అత్త

*

దిండిగల్
జూన్ 8

అత్తా,

నీ ఉత్తరం బయాలజీ పుస్తకంలో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. ఇప్పుడు రాస్తున్నాను.

నేను కోసింది చిన్నమ్మాళ్ చీర.

టైల్స్ పని కోసం పెట్టెను వెనక గదిలో పెట్టారు. పసుపు గుడ్డను ఉతకడానికి వేశారు. నాకు కనబడింది తాళం లేని చెక్కపెట్టె, అందులో కొస చిరిగిన చీర. నువ్వు చెప్పిన పాతచీరల పెట్టె రేకుది, అది దాని వెనకే ఉందట, నాకు కనబడలేదు. టైల్స్ వేసిన కరుప్పయ్య పెట్టెను లోపలికి మోసేటప్పుడు, ఏమీ లేనట్టు తేలిగ్గా ఉందే అన్నాడు. సామి బరువు చూసేవాడివి నువ్వెవరు, ఎత్తు అని అవ్వ కసిరింది. ఆ తరువాత ఉతికిన పసుపు గుడ్డ దానికి చుట్టింది. నేను విమల్‌ను చంకలో పెట్టుకుని గడప దగ్గర నిలబడి ఉన్నాను.

ఆ వారంలోనే విమల్‌కు జ్వరం. గొంతు ఎర్రగా ఉందని డాక్టర్ మందు రాశాడు, మూడు రోజుల్లో తగ్గింది. బయాలజీలో నాకు తొంభై ఆరు అత్తా. జ్వరం ఎలా వస్తుందో బొమ్మ గీసి రాయగలను. కానీ వాడి నుదురు కాలుతుంటే నాకు బయాలజీ గుర్తురాలేదు. నేను చేసినదానికి వాడికి వచ్చిందనే అనిపించింది. ఇప్పుడు వాడు దగ్గినా అదే అనిపిస్తుంది. పెట్టె తెరిచిన రోజు అవ్వ ముఖం ఎలా ఉంటుందోనని కూడా.

ముక్కలన్నీ స్కూల్ బ్యాగులో దాచాను. నాకొక ఐడియా ఉంది. మదురైలో అలాంటి సుంగుడి చీర ఒకటి కొని, కొస చించి పెట్టెలో పెట్టేస్తే ఎవరికీ తెలియదు కదా? నువ్వు కొని పంపగలవా?

నువ్వు సూది సంగతి చెప్పాక నీ మీద ఇష్టం తగ్గలేదు. ఎక్కువైంది. అంత భయంతో మరునాడు మళ్లీ సూది ఎలా పట్టుకున్నావు? నేనైతే కత్తెర కనబడకుండా దాచేశాను.

చారు

*

సింగానల్లూరు
జూన్ 15

నా బంగారు కన్నూ,

ముందుగా ఒక మాట. ‘కొస చిరిగినవి తీసుకో, అడగాల్సిన పని లేదు’ అని రాసింది నేను. ఇందులో సగం తప్పు నాది. ఆ సగం నాకు ఇచ్చేసి మిగతాది చదువు.

చీర కొని పంపగలను. ఒక రోజంతా ఆ ఆలోచనలోనే ఉన్నాను, అబద్ధం ఎందుకు. కానీ అవ్వ ఆ చీర కట్టుకుని ఏడాదంతా నీ ముందు తిరుగుతుంది. వడ్డించడానికి వంగినప్పుడల్లా ఆ కొంగు నీ కంట పడుతుంది. నువ్వు తట్టుకోలేవు. ఫోన్ తీసి నేనే మా అమ్మకు, అదే మీ అవ్వకు, చెప్పడం మూడు నిమిషాల పని. కానీ అది నీ నోటి నుంచి రావాల్సిన మాట. నేను చెప్పను. మాట ఇస్తున్నాను.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఒక్క ముక్క కూడా పారేయకు. కత్తిరించినప్పుడు రాలిన పోగులు ఉంటే అవీ మధ్య పొరలో పెట్టు. మొత్తం చీర ఆ బొంతలోనే ఉండాలి. కోసినదాన్ని మళ్లీ చీర చేయలేం. పూర్తి చేయడం మాత్రం చేయగలం. సగంలో వదిలేస్తే అది పాడైన చీర అవుతుంది. కుట్టి చూపిస్తే అది ఏమవుతుందో నాకూ తెలియదు, కానీ పాడైనది మాత్రం కాదు.

మరునాడు సూది ఎలా పట్టుకున్నానని అడిగావు. పట్టుకోలేదు. నాలుగో రోజు గోపిక తెచ్చి ఇచ్చింది, తన బొమ్మకు చలేస్తోందట. చేయి వణికింది. వణుకుతూనే కుట్టాను. ఆ వరస వంకరగా ఉంటుంది, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.

విమల్‌కు జ్వరం గొంతు వల్ల వచ్చింది. డాక్టర్ మాట నేను మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే నా అక్షరాలైతే నువ్వు నమ్ముతావు.

నీ అత్త వళ్లి

*

దిండిగల్
జూలై 14

అత్తా,

స్కూల్ నుంచి రాగానే విమల్‌ను అవ్వ దగ్గర నుంచి తీసుకుని మేడమీదికి పోతాను. తలుపు వేసుకుని కుడతాను. చదువుకుంటోంది అని అమ్మ కొట్లో అందరికీ చెబుతోందట. వింటే ఇంకా సిగ్గుగా ఉంటుంది.

నిన్న విమల్ బొంత మీదే నిద్రపోయాడు, సరిగ్గా నరేన్‌లాగా. లేపలేదు. వాడి చుట్టూ కుట్టాను. వాడి చేయి ఉన్న చోట ఆగి, వాడు చేయి తీసేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆ కాసేపు నాకు భయం గుర్తురాలేదు. నువ్వు రోజూ ఎలా చేస్తావో అప్పుడు కొంచెం అర్థమైంది. సూదులు రెండు. ఎర్రదారం. లెక్క తప్పలేదు.

చెప్పాలని ఇప్పటికి మూడుసార్లు అవ్వ దగ్గరికి పోయాను. ఒకసారి కాలు పట్టమంది, పట్టాను. ఒకసారి, ఏమే అట్ల చిక్కిపోతా ఉండావు అని ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. మూడోసారి ఆమె చిన్నమ్మాళ్‌కు కొత్తచీర కొనడం గురించి నైనాతో మాట్లాడుతోంది. నేను నీళ్లు తాగి వచ్చేశాను.

మూడో శుక్రవారం ఆగస్టు ఒకటి. ఆ రోజుకు నువ్వు రాలేవా?

చారు

*

సింగానల్లూరు
జూలై 22

చారూ,

రాలేను తల్లీ. గోపికకు ఒళ్లంతా అమ్మవారు పోసింది, అది తగ్గేలోపు నరేన్‌కు రాకుండా ఉండదు. వేపాకు మధ్య కూర్చుని ఇది రాస్తున్నాను.

నేను పక్కన ఉంటే నువ్వు నా వెనక నిలబడతావు. లేనప్పుడు బొంత ముందు పెట్టుకుని నిలబడు. పెట్టె తెరవక ముందే చెప్పు. తెరిచాక అయితే అది దొరికిపోవడం. తెరవక ముందైతే అది చెప్పడం.

ఇంకొకటి. నీకు చెప్పమని రాస్తూ నేను నా సంగతి దాచుకుని కూర్చున్నాను కదా. నిన్న సాయంత్రం మీ మామకు సూది గురించి చెప్పేశాను. ఏమన్నాడో తరువాత రాస్తాను. నీ పని ముందు కానీ.

అత్త

*

దిండిగల్
ఆగస్టు 3

అత్తా,

చెప్పాను.

శుక్రవారం పొద్దున్నే అవ్వ తలస్నానం చేసి, తడిజుట్టు ముడి వేసుకుని పూజగదిలో కూర్చుంది. నైనా, అమ్మ అక్కడే ఉన్నారు. అవ్వ పసుపు గుడ్డ ముడి మీద చేయి వేసింది. నేను మేడమీద నుంచి బొంత తీసుకొచ్చి ఆమె ఒడిలో పెట్టాను.

“అవ్వా, పెట్టెలో చీర లేదు. ఇదే దా ఆ చీర. నేను కోసేస్తి.”

నైనా లేవబోతే అవ్వ చేయి అడ్డం పెట్టింది. బొంత మీద అరచేయి పెట్టి ఒక అంచు నుంచి ఇంకో అంచుదాకా నిమిరింది. తిప్పి చూసింది. కుట్టు మీద గోరు పెట్టి లాగింది, ఊడలేదు.

“ఒక ముక్కైనా పారేసినావా?”

లేదన్నాను. నూట నలభై రెండూ ఉన్నాయి, పోగులు కూడా లోపలే పెట్టానన్నాను.

“ఇన్ని చీరలుండంగా దీన్నే ఎందుకు తీస్తివి?”

“కొస చిరిగుండె అవ్వా. ఎవురూ కట్టరనుకుంటి.”

అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. అంత కోపంగా అవ్వను ఎప్పుడూ చూడలేదు. కానీ ఆమె అడిగింది వేరే.

“వళ్లికి తెలుసునా?”

తెలుసన్నాను. ఎన్నాళ్ల నుంచి అంది. జూన్ నుంచి అన్నాను. ఆమె బొంతను మడిచి పక్కన పెట్టి, “సింగానల్లూరుకు ఉత్తరం పోతది, ఈ గదికి నాలుగడుగులు రాలేదు” అంది. నేను అప్పుడు ఏడ్చాను. చీర సంగతికి ఏడవలేదు అత్తా, దీనికి ఏడ్చాను.

ఏడుపు అయ్యేదాకా ఆగింది. తరువాత అమ్మను కాఫీ పెట్టమని, నైనాను పూలకని పంపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. నీకు కూడా చెప్పలేదట. నువ్వు అత్తారింటి నుంచి వచ్చాక చెబుదామనుకుందట, వచ్చినప్పుడల్లా చంటిపిల్లలూ హడావిడీ.

మనవాళ్లు ఉత్తరం నుంచి బండ్లు కట్టుకుని దిగి వస్తున్నప్పుడు కొండదారిలో వాన పట్టుకుందట. చిన్నమ్మాళ్‌కు ఇద్దరు పిల్లలు. కప్పడానికి ఏమీ లేదు. కట్టుకున్న చీర కొస చించి ఇద్దరికీ చుట్టిందట. తెల్లారేసరికి పిల్లలు బతికి ఉన్నారు, ఆమె లేదు. ఆ చిన్నవాడి నుంచి వచ్చినవాళ్లం మనం. అందుకే ప్రతి ఏడూ కొస చించి పెడతారట. నిండుచీర పెడితే, ఇది నాది కాదు అంటుందట.

చెప్పడం అయ్యాక అవ్వ బొంతను మళ్లీ ఒడిలోకి తీసుకుని, చుక్కల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

“ఆమె జానెడు చించె. నువ్వు మొత్తం చించినావు. అంతే దా” అంది. ఆ తరువాత, “పిల్లోడికి వెచ్చగా ఉండాదా?” అని అడిగింది.

ఉంది అన్నాను.

“అయితే వాడి మీదే ఉండనీ. పెట్టెలో పెడితే ఆమె తీసి వాడి మీదే కప్పుతది.”

చివాట్లు తప్పలేదు. పొద్దంతా పస్తు ఉండమంది, పెట్టె ముందు నూట ఎనిమిది సార్లు మొక్కించింది, ఇంక నన్ను అడగకుండా ఈ ఇంట్లో ఒక రుమాలు కోసినా చేతులు విరుస్తాను అంది. కట్టుకోవడానికి పాతచీర లేదు కదా, ఆ బొంతనే కాసేపు భుజాన వేసుకుని హారతి ఇచ్చింది. నైనా నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

కొత్తచీర పెట్టేముందు కొస నా చేతికి ఇచ్చింది. అంచు గట్టిగా ఉంది, చిరగలేదు. పంటితో కొరుకు అంది. కొరికాను. తరువాత ఒక్క లాగులో వచ్చేసింది. ఆ చప్పుడు నా చేతుల్లో ఇంకా ఉంది. చించిన ముక్కను ముందు రోజుల్లో ఇంట్లో ఉన్న చంటిపిల్లల ఉయ్యాలకు కట్టేవారట. విమల్‌కు బొంతే ఉంది, ఇది నరేన్‌కు పంపు అంది. ఈ కవరులో పెట్టాను. లేతపచ్చ, తెల్లచుక్కలు.

ఇప్పుడు నాకు భయం లేదని రాయను. విమల్ దగ్గితే ఇంకా లేచి కూర్చుంటాను. కానీ వెంటనే అవ్వను పిలుస్తున్నాను.

నేనింకో బొంత కుట్టాలనుకుంటున్నాను. ఈసారి అడిగి.

నీ చారు

*

సింగానల్లూరు
ఆగస్టు 10

చారూ,

గోపిక లేచి తిరుగుతోంది. నరేన్‌కు వచ్చి తగ్గింది. ఒంటిమీద మచ్చలు కూడా సుంగుడి చుక్కల్లాగే ఉన్నాయి అని మీ మామ అన్నాడు. వేపాకు రెమ్మతో ఒకటి కొట్టాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నలభై ఏళ్లు ఆ ఇంటి మనిషిని, నాకు తెలియని సంగతి నువ్వు తెలుసుకున్నావు. అమ్మకు ఫోన్ చేస్తే, నీకు ఉత్తరాలు రాసే తీరిక ఉంది కదా, దాంట్లో అడగరాదా అంది. ఇంకా కోపంగానే ఉంది. దానికి నేనే వచ్చి కాలు పడతాను. ఆ బొంత కూడా చూడాలి. నేను కుట్టిన ఏ బొంతకూ అవ్వ గోరు పెట్టి లాగి చూసే అదృష్టం పట్టలేదు.

మామ ఏమన్నాడని అడగలేదు నువ్వు, అయినా రాస్తాను. లేచి ఆ ఎక్స్‌రే ఫిల్ము ఎక్కడ దాచావని అడిగాడు. తీసి ఇస్తే వెలుతురులో పెట్టి నరేన్ ఎముకలన్నీ చూశాడు. ఆ రోజు నుంచి అవినాశి బస్సు దిగి రాగానే చెప్పులు విప్పకముందే సబ్బుబిళ్ల దగ్గరికి పోయి, ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడతాడు. గోపిక కూడా వెనకే లెక్కపెడుతుంది. దానికి మూడు తరువాత ఏడు వస్తుంది.

పచ్చకొస అందింది. ఉయ్యాలకు కట్టలేదు. కుడుతున్న బొంతకు సరిగ్గా నడిమిన పెట్టాను. చుట్టూ అంతా అయిపోయింది. ఆ ఒక్క చోటే మిగిలింది.

నరేన్ దాని మీదే నిద్రపోతున్నాడు. లేచినాక కుడతాను.

నీ అత్త